.223 రైఫిల్‌కు ఎంత పొడవు బుల్లెట్ పడుతుంది: కొలత నుంచి కాల్పు దాకా

డాలస్ చుట్టుపక్కల రేంజ్‌కి వచ్చే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నా రైఫిల్‌లో 77 గ్రెయిన్ వాడొచ్చా?" 77 గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు. నేను తిరిగి రెండు అడుగుతాను. ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక, ఎంత? బుల్లెట్ పొడవెంత? మొదటిదానికి సగం మంది జవాబు చెప్తారు. రెండోదానికి డబ్బా తిప్పి చూస్తారు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది బరువే. బ్యారెల్‌కు కావలసింది మాత్రం పొడవు.

ఇందులో పౌడర్ కొలతలు ఇవ్వను. అవి మీ బుల్లెట్ తయారీదారు లోడ్ మాన్యువల్‌లోంచే తీసుకోవాలి. రీలోడింగ్‌కు, అంటే తూటాలు సొంతంగా కట్టుకోవడానికి, పూర్తిగా కొత్తవాళ్లు ముందు ఎవరైనా అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోండి. కేసు సైజింగ్, ప్రైమింగ్ వచ్చినవాళ్ల కోసమే ఈ మార్గదర్శి.

మాటల్లో గందరగోళం రాకుండా ముందే చెప్తున్నాను. ఇక్కడ బుల్లెట్ అంటే ఎగిరే ముక్క మాత్రమే. కేసు అనే ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పంటించే ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అన్నీ కలిస్తే తూటా.

## 1. బల్ల ముందు కూర్చునే ముందు

మొదట చట్టం. అమెరికాలో హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మీకు అవి వర్తిస్తాయో లేదో లాయర్‌ను అడగండి, రేంజ్‌లో పక్కవాణ్ణి కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు, అయినా మీ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు: 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో తూటాలు కట్టకూడదు.

బల్ల మీద ఉండాల్సినవి:

- వెయ్యో వంతు అంగుళం చూపే కాలిపర్. మూసినప్పుడు సున్నా చూపిస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోండి
- గ్రెయిన్లలో తూచే త్రాసు
- బుల్లెట్ కంపారేటర్ (కొనను వదిలేసి ముక్కు వంపు దాకా కొలిచే సాధనం), .22 సైజు ఇన్సర్ట్
- ల్యాండ్స్ (బ్యారెల్ గాడుల మధ్య లేచి ఉండే చారలు) దూరం కొలిచే ఓఏఎల్ గేజ్, దానికి సరిపడే మరచుట్టు వేసిన కేసు
- క్లీనింగ్ రాడ్, బిగుతుగా పట్టే గుడ్డముక్క, సన్న మార్కర్
- ఒక నోట్‌బుక్. ఫోన్లో రాసుకుంటే నూనె చేతులతో తిప్పలు
- ఒక్క పౌడర్ డబ్బా. రెండోది బీరువాలోనే ఉండాలి

త్రాసు దగ్గర ఒక మాట. గ్రెయిన్ వేరు, గ్రాము వేరు. ఒక గ్రాములో 15.43 గ్రెయిన్లు ఉంటాయి. చవక డిజిటల్ త్రాసుల్లో ఒక బటన్ పొరపాటున తగిలితే యూనిట్ మారిపోతుంది, కాబట్టి తెర మీద అంకెతో పాటు యూనిట్ కూడా చూడండి. మొదలుపెట్టేటప్పుడు చెక్ వెయిట్ పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

## 2. పొడవు ఎందుకు లెక్కలోకి వస్తుంది

బొంగరం తిప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలబడుతుంది. పొడుగు బొంగరానికి తాడు గట్టిగా లాగాలి, లేకపోతే రెండు చుట్లకే పక్కకు వాలిపోతుంది.

బుల్లెట్‌దీ అదే కథ. ఎదురుగాలి దాని ముక్కును పైకెత్తి వెనక్కి తిప్పేయాలని చూస్తుంది. బుల్లెట్ పొడవయ్యేకొద్దీ ఆ తోపుకు పట్టు ఎక్కువ దొరుకుతుంది. దాన్ని ఆపేది తిరుగుడు ఒక్కటే. ఆ తిరుగుడు బ్యారెల్ లోపలి గాడుల మెలిక, అంటే ట్విస్ట్, నుంచి వస్తుంది. 1:9 అంటే బుల్లెట్ 9 అంగుళాలు ముందుకు పోయేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. 1:7 అయితే 7 అంగుళాలకే ఒక చుట్టు. రెండో అంకె చిన్నదయ్యేకొద్దీ మెలిక బిగుతు.

మరి బరువు? వ్యాసం మారదు కాబట్టి బరువు పెంచాలంటే బుల్లెట్‌ను పొడవు చేయాల్సిందే. అందుకే బరువు, పొడవు కలిసి నడుస్తున్నట్టు కనిపిస్తాయి, జనం బరువుతోనే సరిపెట్టుకుంటారు. మూడు చోట్ల మాత్రం ఆ జత తెగిపోతుంది:

- పూర్తి రాగి బుల్లెట్లు. సీసం సాంద్రత సుమారు 11.3, రాగిది 8.9. అదే బరువు రాగిలో కావాలంటే బుల్లెట్ పొడవు పెరగక తప్పదు
- సన్న ముక్కు, బోట్‌టెయిల్ (వెనక సన్నబడిన తోక) ఉన్న మ్యాచ్ (పోటీ) బుల్లెట్లు. దూరం కోసం సాగదీసిన ఆకారం
- ఉక్కు ముక్క లేదా ట్రేసర్ (దారి కనిపించేలా వెలిగే మందు) ఉన్నవి. అమెరికన్ సైన్యం ఎం16ఏ2 రైఫిల్‌లో 1:7 పెట్టింది 62 గ్రెయిన్ ఎం855 కోసమని చాలామంది అనుకుంటారు. అంత మెలిక అవసరమైంది దాని జోడీ అయిన పొడుగాటి ట్రేసర్‌కి, ఎం856కి

## 3. మొదటి పని: ట్విస్ట్‌ను మీరే కొలవండి

బ్యారెల్ మీద చెక్కిన అంకెను నేను నమ్మను. సెకండ్‌హ్యాండ్ రైఫిల్ అయితే అసలే నమ్మను.

1. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. బోల్ట్ తీసేయండి. తూటాలు ఆ గదిలోనే వద్దు.
2. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు గుడ్డముక్క బిగుతుగా చుట్టి బ్యారెల్‌లోకి తోయండి. రాడ్ గాడుల వెంట తిరగాలి.
3. కొంత లోపలికి పోయాక రాడ్ మీద, బ్యారెల్ చివర దగ్గర గీత పెట్టండి. పైవైపు ఏదో తెలిసేలా ఇంకో చుక్క పెట్టండి.
4. నెమ్మదిగా లాగండి. చుక్క ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చిన చోట రెండో గీత.
5. రెండు గీతల మధ్య దూరమే మీ ట్విస్ట్. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

గుడ్డ జారితే అంకె తప్పు వస్తుంది. మూడు కొలతలు అర అంగుళం తేడాతో వస్తున్నాయంటే గుడ్డ వదులుగా ఉన్నట్టే.

ఇంత పట్టుబట్టడానికి నా దగ్గరో కాగితం ఉంది. మొదట్లో ఒక పాత బోల్ట్ రైఫిల్ కొన్నాను. అమ్మినాయన 1:9 అన్నాడు, నేను తల ఊపాను. 69 గ్రెయిన్ మ్యాచ్ బుల్లెట్లతో 20 తూటాలు కట్టి వంద గజాల దగ్గర కాల్చాను. తొమ్మిది కాగితానికే తగల్లేదు. తగిలిన వాటిలో నాలుగు రంధ్రాలు వడ్లగింజల్లా పొడుగ్గా ఉన్నాయి, ఒకదాంట్లో బుల్లెట్ ఆకారం మొత్తం అడ్డంగా అచ్చుపడింది. స్కోప్ వదులైందేమో అని గంటసేపు మరలు బిగించాను. ఇంటికొచ్చి రాడ్ తోస్తే ట్విస్ట్ 1:12. ఆ కాగితం ఇప్పటికీ బల్ల మీద గోడకు అంటించే ఉంది.

## 4. రెండో పని: బుల్లెట్‌ను కొలిచి లెక్క కట్టండి

డబ్బాలోంచి పది బుల్లెట్లు తీయండి. ఒక్కొక్కదాన్ని అడుగు నుంచి కొన వరకు కొలిచి రాయండి. హాలో పాయింట్ (కొనలో రంధ్రం ఉన్న) బుల్లెట్ల కొనలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అంగుళంలో కొన్ని వెయ్యో వంతుల తేడా మామూలే. సగటు తీసుకోండి.

ఇప్పుడు డాన్ మిల్లర్ సూత్రం. ఇది ఇచ్చే అంకెను స్థిరత్వ గుణకం అంటారు, రేంజ్ భాషలో ఎస్‌జీ.

1. పొడవును వ్యాసంతో భాగించండి. ఇది పొడవు నిష్పత్తి.
2. ట్విస్ట్ అంగుళాలను వ్యాసంతో భాగించండి. ఇది ట్విస్ట్ నిష్పత్తి.
3. పై లెక్క: 30 × గ్రెయిన్లలో బరువు.
4. కింది లెక్క: ట్విస్ట్ నిష్పత్తి వర్గం × వ్యాసం ఘనం × పొడవు నిష్పత్తి × (1 + పొడవు నిష్పత్తి వర్గం).
5. పైదాన్ని కిందిదానితో భాగించండి.

ఒకటి చేసి చూద్దాం. 77 గ్రెయిన్ సియెర్రా మ్యాచ్‌కింగ్ పొడవు 0.995 అంగుళం అనుకుందాం. వ్యాసం 0.224 (.223 అనేది తూటా పేరు మాత్రమే). బ్యారెల్ 1:9.

పొడవు నిష్పత్తి 4.442. ట్విస్ట్ నిష్పత్తి 40.18. పైన 30 × 77 = 2310. కింద సుమారు 1671. భాగిస్తే 1.38.

ఈ సూత్రం సెకనుకు 2800 అడుగుల వేగం మీద నిలబడింది. మీ వేగం వేరైతే, దాన్ని 2800తో భాగించి ఘనమూలం తీసి గుణించండి. 2700 అడుగులకు 1.38 కాస్త తగ్గి 1.37 అవుతుంది. అదే బుల్లెట్, అదే వేగం, వేరే బ్యారెళ్లలో:

- 1:12 లో 0.77
- 1:9 లో 1.37
- 1:8 లో 1.73
- 1:7 లో 2.26

చదివే తీరు ఇది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ గాల్లో పల్టీలు కొడుతుంది, వాడొద్దు. 1కీ 1.3కీ మధ్య ఉంటే ఈరోజు వెళ్తుంది, రేపు వెళ్లదు. 1.3 నుంచి 1.5 దాకా రంధ్రాలు గుండ్రంగానే పడొచ్చు, కానీ బుల్లెట్ కొద్దిగా ఊగుతూ పోయి గాలికి వేగం ఎక్కువ పోగొట్టుకుంటుంది, దూరం పెరిగేకొద్దీ అది తెలుస్తుంది. కొనేముందు నేను చూసే గీత 1.5.

ప్లాస్టిక్ కొన ఉన్న బుల్లెట్లకు ఈ సూత్రం కాస్త అన్యాయం చేస్తుంది. కొన పొడవును పెంచుతుంది గానీ దాని బరువు దాదాపు శూన్యం. అసలు స్థిరత్వం లెక్కకన్నా మెరుగ్గానే ఉంటుంది. అక్కడ తయారీదారు డబ్బా మీద రాసిన కనీస ట్విస్ట్‌ను పట్టుకోండి.

## 5. పౌడర్ పెంచితే సరిపోదా?

సరిపోదు. ఈ ఆలోచన ప్రమాదం కూడా.

లెక్క మళ్లీ చూడండి. వేగం ఘనమూలంలో ఉంది. వేగాన్ని పది శాతం పెంచితే ఎస్‌జీ మూడు శాతం పెరుగుతుంది, అంతే. .223లో పది శాతం వేగం పెంచాలంటే మాన్యువల్ గరిష్ఠాన్ని దాటేస్తారు. ట్విస్ట్ మాత్రం వర్గంలో ఉంది: 1:9 నుంచి 1:8కి మారితే 27 శాతం పెరుగుతుంది. పొడవు ప్రభావం అంతకన్నా ఎక్కువ, దాదాపు ఘనం స్థాయిలో.

కాబట్టి ఎస్‌జీ చాలకపోతే దారులు రెండే: పొట్టి బుల్లెట్ లేదా వేరే బ్యారెల్. మొదటిదానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా.

## 6. వాతావరణాన్ని లెక్కలో కలపండి

గాలి చిక్కనైతే బుల్లెట్‌ను ఎక్కువగా తోస్తుంది. చల్లని గాలి చిక్కన, ఎత్తు మీది గాలి పలచన.

దిద్దుబాటు సులువే. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు 460 కలిపి 519తో భాగించండి, దానితో ఎస్‌జీని గుణించండి. మన 1.37 టెక్సస్ ఆగస్టులో, 100 డిగ్రీల్లో, సుమారు 1.47. అదే తూటా మిన్నెసోటా జనవరిలో, 0 డిగ్రీల్లో, 1.21. వేసవిలో కట్టిన తూటాలు పట్టుకుని చలికాలం ఉత్తరానికి వెళ్లి "బ్యారెల్ పాడైంది" అని వాపోయినవాళ్లు నాకు తెలుసు.

ఎత్తుకు: 29.92ను అక్కడి గాలి పీడనంతో (పాదరస అంగుళాల్లో) భాగించి గుణించండి. డెన్వర్ ఎత్తులో మన బుల్లెట్ సుమారు 1.65కి ఎక్కుతుంది. ఇక్కడ చాలామంది కాలు జారే మెట్టు ఒకటుంది. వాతావరణ యాప్ చూపే పీడనం సముద్రమట్టానికి సవరించినది. డెన్వర్‌లో కూడా అది 30 దగ్గరే చూపిస్తుంది. మీకు కావలసింది స్టేషన్ ప్రెషర్, అంటే ఆ చోట నిజంగా ఉన్న పీడనం.

## 7. మూడో పని: సీటింగ్ లోతు

సీటింగ్ అంటే బుల్లెట్‌ను కేసు మూతిలోకి దించడం. బుల్లెట్ పొడవు గాల్లోనే కాదు, కేసులో కూడా లెక్కే.

ఏఆర్-15 మ్యాగజైన్‌లో పట్టాలంటే తూటా మొత్తం పొడవు 2.260 అంగుళాలు దాటకూడదు. కేసును 1.750కి ట్రిమ్ చేశారనుకోండి. 0.740 అంగుళం పొడవున్న 55 గ్రెయిన్ బుల్లెట్‌ను 2.200కి సీట్ చేస్తే కేసు లోపల 0.290 ఉంటుంది. మన 77ను 2.260కి సీట్ చేస్తే లోపల 0.485. కేసు మెడ పొడవే సుమారు 0.2. అంటే మెడ దాటి పౌడర్ ఉండాల్సిన చోటులోకి పావు అంగుళానికి పైగా దిగింది.

చోటు తగ్గితే పీడనం పెరుగుతుంది. అందుకే ఒక బుల్లెట్ లోడ్ డేటాను బరువు కలిసింది కదా అని ఇంకో బుల్లెట్‌కు వాడకూడదు. ముఖ్యంగా సీసం డేటాను రాగికి. ఆ బుల్లెట్ పేరు, ఆ పౌడర్ పేరు ఉన్న పేజీ తెరిచి, స్టార్ట్ లోడ్ (అక్కడ ఇచ్చిన అతి తక్కువ పౌడర్) దగ్గరే మొదలుపెట్టండి.

సీటింగ్ వరుస:

1. కేసు మూతి లోపలి అంచును సన్నగా చాంఫర్ చేయండి, అంటే ఏటవాలుగా చెక్కండి. పొడుగు బుల్లెట్లు గీసుకుపోవు.
2. ఓఏఎల్ గేజ్‌తో బుల్లెట్ ల్యాండ్స్‌ను తాకే చోటు కొలవండి. ల్యాండ్స్ అంటే గాడుల మధ్య పొలం గట్లలా లేచి ఉండే చారలు. మెల్లగా తోయాలి, గుచ్చకూడదు. ఐదుసార్లు కొలవండి.
3. ఆ కొలతను కంపారేటర్‌తో, అంటే అడుగు నుంచి ఓజైవ్ అనే ముక్కు వంపు దాకా, రాసుకోండి. కొన నుంచి కొలిస్తే కొనల ఎగుడుదిగుడు మీ లెక్కలోకి వచ్చేస్తుంది.
4. ఒక డమ్మీ తూటా కట్టండి. పౌడర్ లేదు, ప్రైమర్ లేదు. మ్యాగజైన్‌లో పట్టిందా, ఛాంబర్‌లోకి (బ్యారెల్‌లో తూటా కూర్చునే గదిలోకి) సాఫీగా పోయిందా చూడండి.
5. డమ్మీ బుల్లెట్ మీద సీటింగ్ స్టెమ్ (బుల్లెట్‌ను లోపలికి నొక్కే కడ్డీ) ఉంగరంలా గుర్తు వేసిందా? అయితే ఆ స్టెమ్ ఈ ముక్కుకు సరిపోలేదు. పొడుగు ముక్కుల కోసం వేరే స్టెమ్ అమ్ముతారు.

మ్యాగజైన్ పొడవుకే కట్టుబడేవాళ్లు ల్యాండ్స్ వెంట పరుగెత్తొద్దు. 5.56 (.223కు సైనిక రూపం) ఛాంబర్‌లో ఆ పొడవు తూటా ల్యాండ్స్‌కు దగ్గరగా కూడా రాదు. బోల్ట్ రైఫిల్ వాళ్లు, ఒక్కో తూటా చేత్తో పెట్టేవాళ్లు మాత్రం ప్రయోగం చేయొచ్చు. 80 గ్రెయిన్ మ్యాచ్‌కింగ్ లాంటివి మ్యాగజైన్‌లో పట్టవు, వాటిని అలాగే కాల్చాలి. ల్యాండ్స్‌కు 0.020 వెనక మొదలుపెట్టి, తర్వాత 0.050, 0.080, 0.120 చొప్పున వెనక్కి జరపండి. వెనక్కి జరిపిన కొద్దీ కేసు చోటు తగ్గుతుంది, కాబట్టి ఈ పరీక్షంతా తక్కువ లోడ్ మీదే. ల్యాండ్స్‌కు ఆనించి సీట్ చేస్తే పీడనం మరో రకంగా ఎగురుతుంది. కొత్తవాళ్లు అటు పోవద్దు.

## 8. నాలుగో పని: కాల్చి చూడండి

- కళ్లద్దాలు, చెవులకు రక్షణ
- ఒక్కో సీటింగ్ లోతుకు కనీసం ఐదు తూటాలు, వీలైతే రెండు గ్రూపులు (ఒకే గురికి కాల్చిన వరుసలు). మూడు తూటాల గ్రూపు చూసి సంబరపడొద్దు
- వంద గజాల దగ్గర కొత్త కాగితం. పాత రంధ్రాలుంటే ఆకారం తెలీదు
- క్రోనోగ్రాఫ్ పెట్టి అసలు వేగం రాయండి, ఎస్‌జీ మళ్లీ లెక్కగట్టండి
- ఉష్ణోగ్రత, స్టేషన్ ప్రెషర్ నోట్‌బుక్‌లో

ముందు గ్రూపు సైజు చూడకండి, రంధ్రాల ఆకారం చూడండి. భూతద్దం పెట్టి చూస్తే నయం. అన్నీ గుండ్రంగా, చుట్టూ నల్లటి అంచు సమంగా ఉంటే బాగున్నట్టు. అంచు ఒకవైపు మందంగా, రంధ్రం గుడ్డు ఆకారంలో ఉంటే బుల్లెట్ ఊగుతోంది. ఒక్కటి అలా పడినా ఆ బుల్లెట్ ఆ బ్యారెల్‌కు పనికిరాదని రాసేసుకోండి.

బోల్ట్ ఎత్తడం బిగుసుకుంటే, ప్రైమర్ చదునైతే, కేసు అడుగున మెరిసే గుర్తు పడితే అక్కడే ఆపండి. మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చి పుల్లర్‌తో విప్పేయాలి. "ఇంకా నాలుగేగా" అని కాల్చేయకండి.

## 9. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

రంధ్రాలు పొడుగ్గా పడుతున్నాయి. ట్విస్ట్ మళ్లీ కొలవండి, ఎస్‌జీ మళ్లీ కట్టండి. రెండూ సరిగ్గా ఉంటే బ్యారెల్ చివర దెబ్బతిన్నదేమో, బ్యారెల్ మూతికి బిగించిన సప్రెసర్ లేదా బ్రేక్ అంచుకు బుల్లెట్ తగులుతోందేమో చూడండి.

వేసవిలో బాగుంది, చలిలో విచ్చుకుంటోంది. 6వ భాగంలోని లెక్క. పొట్టి బుల్లెట్‌కు మారండి.

వంద గజాల్లో ముచ్చటగా, ఎనిమిది వందల తర్వాత చెల్లాచెదురు. దీనికి ట్విస్ట్‌ను తప్పుపట్టొద్దు. తిరుగుడు వల్ల వచ్చే స్థిరత్వం బ్యారెల్ మూతి దగ్గరే అతి తక్కువ. ముందుకు పోయేకొద్దీ వేగం పడిపోతుంది, తిరుగుడు అంత త్వరగా తగ్గదు, కాబట్టి ఎస్‌జీ పెరుగుతుంది. దూరంలో చెడేది బుల్లెట్ ధ్వనివేగానికి దిగే చోట, అక్కడ దాని ఆకారం పరీక్షకు వస్తుంది. .308 తూటాలో 168 గ్రెయిన్ మ్యాచ్‌కింగ్ ఇందుకు పేరుమోసింది. దాని బోట్‌టెయిల్ కోణం 13 డిగ్రీలు. 9 డిగ్రీల కోణంతో వచ్చిన 175 ఆ చోటును సాఫీగా దాటుతుంది.

1:7 బ్యారెల్‌లో తేలికపాటి బుల్లెట్ కాగితం దాకా చేరట్లేదు, దారిలో బూడిదరంగు పొగ గీత. బుల్లెట్ గాల్లోనే పగిలింది. 3300 అడుగుల వేగాన్ని 720తో గుణించి 7తో భాగించండి: నిమిషానికి సుమారు 3.39 లక్షల చుట్లు. పలచని తొడుగున్న 40 గ్రెయిన్ వార్మింట్ (చిన్న జంతువుల వేట) బుల్లెట్లలో కొన్ని దీన్ని తట్టుకోలేవు. వేగం తగ్గించండి, లేదా మందం తొడుగున్నవి కొనండి.

గ్రూపు మొత్తం బాగుంది, ఒక్కటే దూరంగా. ఆ తూటాల ఓజైవ్ కొలతలు నోట్‌బుక్‌లో చూడండి. ఒకటి 0.005 తేడాతో ఉంటే సీటింగ్‌లో ప్రెస్ లివర్ పూర్తిగా దించలేదన్నమాట. కొలత కలిస్తే మెడ పట్టు చూడాలి, కేసులు ఎన్నోసారి వాడుతున్నారో కూడా. వేర్వేరు బ్రాండ్ల కేసులు కలిపి ఉంటే మందాలు వేరు, పట్టు వేరు. ఆ రెండూ సరిగ్గా ఉంటే... ట్రిగ్గర్ వెనకున్న మనిషిని అనుమానించండి. నా విషయంలో సగంసార్లు దొంగ అక్కడే దొరికాడు.

## 10. కొత్త డబ్బా కొనేముందు

- [ ] ట్విస్ట్ నేనే కొలిచాను
- [ ] బుల్లెట్ పొడవు తయారీదారు పట్టికలోంచి గానీ, స్నేహితుడి దగ్గర కొలిచి గానీ తెచ్చుకున్నాను
- [ ] నేను కాల్చే అతి చల్లని రోజుకు కూడా ఎస్‌జీ 1.5 దాటింది
- [ ] రాగి బుల్లెట్ అయితే డబ్బా మీది కనీస ట్విస్ట్ చూశాను
- [ ] మ్యాగజైన్‌లో పడుతుంది, లేదా ఒక్కొక్కటిగా కాల్చడానికి నాకు అభ్యంతరం లేదు
- [ ] ఈ బుల్లెట్ పేరుతో, నా దగ్గరున్న పౌడర్‌తో లోడ్ డేటా ఉంది
- [ ] మొదటిసారికి చిన్న డబ్బా చాలు, ఐదు వందలది కాదు